హిమాచల్‌లో ఏ కళాశాల? తెలుగు విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఒక పోలిక

ఏటా జేఈఈ ఫలితాలు వచ్చాక, ఐఐటీ, ఎన్‌ఐటీ, ట్రిపుల్ ఐటీల సీట్లను కలిపి కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే వారాల్లో, మన ఇళ్లలో చర్చంతా జాబితాలోని మొదటి పది పదిహేను పేర్ల చుట్టూనే తిరుగుతుంది. మండి ఐఐటీ, హమీర్‌పుర్ ఎన్‌ఐటీ, ఊనా ట్రిపుల్ ఐటీ వంటి పేర్లు ఎక్కడో మధ్యలోనో చివర్లోనో, ఎవరూ పెద్దగా ఆలోచించకుండానే చేరిపోతాయి. తీరా సీటు అక్కడే వస్తే, ఫీజు కట్టి సీటును ఖాయం చేసుకోవడానికి మిగిలిన కొద్ది రోజుల్లో తల్లిదండ్రులు మ్యాప్ తెరిచి దూరం కొలవడం మొదలుపెడతారు. ఆ ఆలోచన ఆప్షన్లు పెట్టడానికి ముందే జరగాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. జేఈఈతో సంబంధం లేకుండా ఉద్యాన, అటవీ కోర్సుల కోసం హిమాచల్ ప్రదేశ్ వైపు చూస్తున్నవారికి కూడా ఇందులో ఒక భాగం ఉంది.

ముందుగా రాష్ట్రం స్వరూపం తెలుసుకోవాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం హిమాచల్ జనాభా దాదాపు 69 లక్షలు. అందులో దాదాపు 90 శాతం మంది గ్రామాల్లోనే ఉన్నారు. దేశంలో ఇంత ఎక్కువ గ్రామీణ జనాభా ఉన్న రాష్ట్రం మరొకటి లేదు. నగరం అనదగినది సిమ్లా ఒక్కటే, అది కూడా వరంగల్‌తో పోలిస్తే చాలా చిన్నది. అందువల్ల ఇక్కడ కళాశాలను ఎంచుకోవడమంటే దాదాపుగా ఒక ఊరినీ, ఒక లోయనూ ఎంచుకోవడమే. హైదరాబాద్‌లో ఒక కళాశాల నచ్చకపోయినా నగరం మిగతా లోటు పూడ్చుతుంది. కోచింగ్, ఇంటర్న్‌షిప్, బంధువుల ఇల్లు, ఆసుపత్రి అన్నీ చేరువలోనే ఉంటాయి. మండి ఐఐటీ ఉన్న కమంద్ లోయలో ఆ లోటు పూడ్చేది ప్రాంగణం మాత్రమే.

కాబట్టి ర్యాంకు, బ్రాంచి అనే మామూలు కొలమానాలకు తోడు నేను రెండు ప్రశ్నలు కలుపుతాను. మీరు చదవబోయే విషయానికి ఆ కొండలు ఏమైనా ఇస్తాయా? ఇవ్వకపోతే, ఆ దూరానికి తగిన ప్రతిఫలం వేరే ఏ రూపంలోనైనా దక్కుతుందా? ఈ రెండింటిలో ఒక్కదానికైనా "అవును" అన్న సమాధానం రాకపోతే, కేవలం పేరు కోసం అంత దూరం వెళ్లవద్దనే నా సలహా.

మండి ఐఐటీ, హమీర్‌పుర్ ఎన్‌ఐటీ

మండి ఐఐటీ 2009లో మొదలైంది. రూర్కీ ఐఐటీ దానికి మార్గదర్శక సంస్థగా ఉండడంతో తొలి బ్యాచ్ తరగతులు రూర్కీలోనే నడిచాయి. ఇప్పటి ప్రాంగణం మండి పట్టణానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, కమంద్ గ్రామం దగ్గర, ఊహల్ నది ఒడ్డున ఉంది. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. చుట్టూ కొండలు కావడంతో డిసెంబరులో ఎండ ఆలస్యంగా దిగి తొందరగా వెళ్లిపోతుంది. ఉతికిన జీన్స్ ప్యాంటు ఆరడానికి రెండు మూడు రోజులు పట్టడం అక్కడ వింత కాదు. మంచు కురిసే చోటు కాదు కాని, రాత్రిళ్లు చలి సున్నా డిగ్రీల దరిదాపులకు వెళ్తుంది.

హమీర్‌పుర్ ఎన్‌ఐటీ అంతకంటే పాతది. 1986లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా (ఆర్‌ఈసీ) మొదలై, 2002లో ఎన్‌ఐటీ అయింది. మన వరంగల్ ఆర్‌ఈసీ కూడా ఇదే దారిలో నడిచింది కాబట్టి ఆ తరహా సంస్థ ఎలా ఉంటుందో మన పెద్దవాళ్లకు ఒక అంచనా ఉంటుంది. ప్రాంగణం అణు అనే చోట, హమీర్‌పుర్ పట్టణానికి ఆనుకునే ఉంది. సాయంత్రం తరగతులయ్యాక బజారుకు వెళ్లి కావలసినవి కొనుక్కుని, భోజనం వేళకు హాస్టల్‌కు చేరుకోవచ్చు. కమంద్‌లో అది కుదరదు. మండికి వెళ్లాలంటే బస్సు వేళ చూసుకోవాలి. నాలుగేళ్లపాటు రోజూ అనుభవించే తేడా ఇది. ర్యాంకుల పట్టికల్లో ఎక్కడా కనబడదు.

ప్రవేశ విధానంలోని తేడా మన విద్యార్థులకు మరింత ముఖ్యం. ఐఐటీలకు సొంత రాష్ట్రం కోటా లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు మాత్రమే చూస్తారు. ఎన్‌ఐటీలలో జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి, సగం ఇతర రాష్ట్రాల వారికి అన్న విభజన ఉంది. తెలంగాణ విద్యార్థికి వరంగల్‌లో, ఆంధ్రప్రదేశ్ విద్యార్థికి తాడేపల్లిగూడెంలో సొంత రాష్ట్రం సీట్లు ఉంటాయి. హమీర్‌పుర్‌లో ఇద్దరూ ఇతర రాష్ట్రాల జాబితాలోనే పోటీ పడాలి. వరంగల్‌లో ఇతర రాష్ట్రాల సీట్లకు పోటీ చాలా తీవ్రంగా ఉండడం వల్ల, అక్కడ కంప్యూటర్ సైన్స్ దక్కని ఆంధ్ర విద్యార్థికి హమీర్‌పుర్‌లో అదే బ్రాంచి దక్కే అవకాశం ఉంటుంది. దూరానికి తగిన ప్రతిఫలం అని నేను పైన అన్నది ఇలాంటి సందర్భం గురించే. జోసా వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల ముగింపు ర్యాంకులు ఉంటాయి. వాటిని చూసేటప్పుడు ఇతర రాష్ట్రాల వరుసను, మీ కేటగిరీని, అమ్మాయిలైతే వారికి ప్రత్యేకంగా ఉన్న అదనపు సీట్ల వరుసను విడివిడిగా చూడాలి. చాలామంది పొరపాటున సొంత రాష్ట్రం వరుస చూసి ఆశ పెట్టుకుంటారు.

ఖర్చు విషయానికి వస్తే, 2016లో వచ్చిన మార్పుతో ఐఐటీలలో ట్యూషన్ ఫీజు సెమిస్టరుకు లక్ష రూపాయలు, ఎన్‌ఐటీలలో 62,500 రూపాయలు అయింది. ఎస్‌సీ, ఎస్‌టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉండదు. కుటుంబ వార్షికాదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగానూ, లక్ష నుంచి ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండు వంతులూ మినహాయింపు ఉంటుంది. హాస్టల్, మెస్ ఖర్చులు వీటికి అదనం. ఇక్కడ లెక్కలోకి రాని పెద్ద ఖర్చు ప్రయాణం. ఏడాదికి రెండు మూడుసార్లు ఇంటికి రాకపోకలు, అందులో ఒకసారైనా తప్పనిసరై విమానం, మొదటి ఏడాది ఉన్ని దుస్తులు, మంచి రజాయి, కొండదారిలో అదనపు లగేజీ కలిపి చూస్తే, ఇంటికి దగ్గరలో ఉన్న సంస్థకూ దీనికీ తేడా మధ్యతరగతి కుటుంబానికి తెలిసేంతగానే ఉంటుంది.

ఇక చదువు. మండి ఐఐటీ తొలినాళ్ల నుంచీ తరగతి గది బయటి పనికి పాఠ్యప్రణాళికలో చోటిచ్చింది. విద్యార్థులు బృందాలుగా ఏర్పడి ఒక వస్తువును రూపకల్పన చేసి తయారుచేసే డిజైన్ ప్రాక్టికమ్, చుట్టుపక్కల గ్రామాలకు వెళ్లి అక్కడి సమస్యను సాంకేతికంగానూ సామాజికంగానూ అధ్యయనం చేసే ప్రాక్టికమ్ ఆ సంస్థకు పేరు తెచ్చాయి. అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు వచ్చి వీరితో కలిసి ఈ పనిలో పాల్గొన్నారు. అందులో ఏం చదువుతారో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. 2017 ఆగస్టులో మండి-పఠాన్‌కోట్ రహదారి మీద కోట్రోపి దగ్గర కొండచరియ విరిగి రెండు ఆర్టీసీ బస్సులను కిందికి ఈడ్చుకుపోయింది. 46 మంది చనిపోయారు. ఆ తర్వాత మండి ఐఐటీ వారు తక్కువ ఖర్చుతో నేల కదలికనూ తేమనూ వర్షాన్నీ గమనించి హెచ్చరించే పరికరాలు తయారుచేసి అక్కడ అమర్చారు. ఒక సెన్సర్, ఒక సర్క్యూట్, కొంత కోడ్, కొంత భూగర్భ విజ్ఞానం కలిస్తే రోడ్డు మీద మనిషి ప్రాణం నిలుస్తుందని ప్రాంగణం నుంచి కొద్ది గంటల దూరంలోనే కళ్లారా చూసిన విద్యార్థికి తన బ్రాంచి మీద కలిగే గౌరవం వేరు. ఆ గౌరవానికి నేను చాలా విలువ ఇస్తాను.

అందుకే సివిల్ ఇంజినీరింగ్‌పై ఇష్టం ఉన్న విద్యార్థికి హిమాచల్‌ను సంకోచం లేకుండా సూచిస్తాను. 1905 ఏప్రిల్ 4న కాంగ్రాను కూల్చిన భూకంపంలో ఇరవై వేల మంది దాకా చనిపోయారు. నేటికీ ఆ ప్రాంతం దేశంలో అత్యధిక భూకంప ప్రమాదం ఉన్న ప్రాంతాల్లో ఒకటి. భాక్రా, పోంగ్, పండోహ్ ఆనకట్టలు, సట్లెజ్ మీద 1,500 మెగావాట్ల నాథ్‌పా ఝాక్రి జలవిద్యుత్ కేంద్రం, రోహ్‌తాంగ్ కింద 2020లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం అన్నీ ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. సొరంగం, ఆనకట్ట, కొండవాలు, భూకంపం అనే నాలుగు పాఠాలనూ బస్సెక్కి వెళ్లి చూడగలిగిన చోట్లు దేశంలో కొన్నే. విద్యుత్, మెకానికల్ బ్రాంచిల వారికీ జలవిద్యుత్ వల్ల కొంత ప్రయోజనం ఉంది. ఆర్కిటెక్చర్ చదవాలనుకునేవారు హమీర్‌పుర్ ఎన్‌ఐటీలోని బీఆర్క్‌ను తప్పక పరిశీలించాలి. రాతి వరుసనూ దేవదారు దుంగల వరుసనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, సిమెంటు లేకుండా కట్టే కాఠ్-కుణి ఇళ్లు, గుళ్లు ఆ రాష్ట్రపు పాత ఊళ్లలో ఇంకా నిలిచి ఉన్నాయి. భూమి కంపించినప్పుడు ఆ చెక్క వరుసలు గోడను కలిపి పట్టి ఉంచే తీరును పుస్తకంలో చదవడం కంటే ఎదుట నిలబడి గీసుకోవడం మేలు.

కంప్యూటర్ సైన్స్, డేటా సైన్స్, గణితం-కంప్యూటింగ్ వంటి కోర్సులకు కొండలు ప్రత్యేకంగా ఇచ్చేదేమీ లేదు. అక్కడ కేవలం బ్రాంచి, సహవిద్యార్థులు, అధ్యాపకులు, నియామకాలు మాత్రమే లెక్కలోకి వస్తాయి. కంపెనీల పరీక్షలు, ఇంటర్వ్యూలు చాలావరకు ఆన్‌లైన్‌కు మారడం వల్ల మారుమూల ప్రాంగణాలకు ఉన్న పాత ప్రతికూలత చాలా తగ్గింది. అయినా సెమిస్టర్ నడుస్తుండగా పక్కనే ఉన్న కంపెనీలో చిన్న పని చేసుకునే వీలు మాత్రం అక్కడ లేదు. హైదరాబాద్ ఐఐటీ విద్యార్థికి అది సులువు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. మండి ఐఐటీలో అంతగా ఇష్టం లేని బ్రాంచి వస్తోంది, వరంగల్ ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్సో ఎలక్ట్రానిక్సో వస్తోంది, ఏది తీసుకోవాలి? నా సమాధానం వరంగల్. ఐఐటీ అన్న పేరుకు విలువ ఉన్న మాట నిజమే. కాని ఇష్టం లేని బ్రాంచితో, ఇంటికి రెండు రోజుల దూరంలో, చలిలో, కొత్త భాషలో మొదటి ఏడాది గడపవలసిన పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడి మీద పడే ఒత్తిడిని పేరు తగ్గించలేదు. బ్రాంచి మార్పు దొరుకుతుందన్న ఆశతో చేరడం మరీ ప్రమాదం. అది కొద్దిమందికే దక్కుతుంది. మండిలో వచ్చే బ్రాంచి ఇష్టమైనదే అయితే మాత్రం దూరాన్ని చూసి వెనుకాడవద్దు. హమీర్‌పుర్ కంప్యూటర్ సైన్స్, తాడేపల్లిగూడెం కంప్యూటర్ సైన్స్ రెండూ అందుబాటులో ఉన్న ఆంధ్ర విద్యార్థి విషయంలో సంస్థ వయసు, పూర్వ విద్యార్థుల బలం హమీర్‌పుర్ వైపు మొగ్గుతాయి, ఇంటి దగ్గరితనం తాడేపల్లిగూడెం వైపు మొగ్గుతుంది. అక్కడ పిల్లల స్వభావాన్ని బట్టి తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి. హాస్టల్‌లో ఇంటర్ చదివి అలవాటైన పిల్లలకు హమీర్‌పుర్ నాలుగేళ్లు భారం కావు.

దారి, వర్షం, నది

మండికీ హమీర్‌పుర్‌కూ రైల్వే స్టేషన్ లేదు. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి ఒక రోజుకు పైగా పడుతుంది. విశాఖ వైపు వారికి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఉంది. ఢిల్లీ కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి సాయంత్రం బయలుదేరే హిమాచల్ ఆర్టీసీ బస్సు తెల్లవారుజామున మండిలో దింపుతుంది. విమానంలో చండీగఢ్ చేరుకుని అక్కడి నుంచి రోడ్డున వెళ్లడం తక్కువ అలసట. కీరత్‌పుర్ నుంచి నేర్‌చౌక్ వరకు సొరంగాలతో కూడిన నాలుగు వరుసల రహదారి వచ్చాక ఆ ప్రయాణం బాగా తగ్గింది. కుల్లూ దగ్గర భుంతర్, కాంగ్రా దగ్గర గగ్గల్, సిమ్లా దగ్గర జుబ్బర్‌హట్టి విమానాశ్రయాలు ఉన్నా, అవి చిన్నవి, వాతావరణం బాగాలేకపోతే విమానాలు రద్దవుతాయి. వాటిని నమ్ముకుని పరీక్ష తేదీలకు టికెట్ కొనవద్దు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. కొత్త విద్యార్థులు చేరేది జులై నెలాఖరు, ఆగస్టు నెలల్లో. హిమాచల్‌లో కొండచరియలు అత్యధికంగా విరిగిపడేదీ, నదులు పొంగేదీ సరిగ్గా అప్పుడే. 2023 జులైలో బియాస్ నది పొంగి మండి, కుల్లూ జిల్లాల్లో రహదారిని అనేక చోట్ల కోసేసింది. ఆగస్టులో సిమ్లాలో, విశ్వవిద్యాలయం ఉన్న సమ్మర్‌హిల్ దగ్గరే, కొండచరియ ఒక శివాలయం మీద పడి 20 మంది చనిపోయారు. 2025 వానాకాలం మొదట్లో మండి జిల్లా సిరాజ్ ప్రాంతంలో కుండపోత వానలు థునాగ్‌ను ముంచెత్తాయి. అక్కడి ఉద్యాన-అటవీ కళాశాల విద్యార్థులు కూడా ఆ దెబ్బకు గురయ్యారు. భయపెట్టడానికి ఇవి చెప్పడం లేదు. ప్రాంగణాలు చాలావరకు సురక్షితంగానే ఉంటాయి, ప్రమాదం ఎక్కువగా దారిలో ఉంటుంది. కాబట్టి చేరవలసిన తేదీకి మూడు నాలుగు రోజుల ముందే చండీగఢ్ చేరుకునేలా టికెట్ తీసుకోండి; పగటి పూటే కొండదారి ఎక్కండి; రోడ్డు మూతపడితే సంస్థకు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తామని చెప్పండి, అలాంటి ఆలస్యం వారికి కొత్త కాదు.

కమంద్ గురించి మరో మాట. మండి నుంచి కుల్లూ వెళ్లే జాతీయ రహదారి పండోహ్ దగ్గర మూతపడినప్పుడు వాహనాలను కటౌలా మీదుగా బజౌరాకు మళ్లిస్తారు. ఐఐటీ ఉన్నది ఆ ఇరుకు దారి మీదే. అలాంటి రోజుల్లో అక్కడి రాకపోకలు ఎంత నెమ్మదిస్తాయో ఊహించవచ్చు. అటు హమీర్‌పుర్, ఊనాలు తక్కువ ఎత్తు కొండల ప్రాంతంలో ఉండడం వల్ల ఈ సమస్య వాటికి తక్కువ.

నది గురించి చెప్పకుండా ఈ భాగాన్ని ముగించలేను. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్‌లో కొట్టుకుపోయారు. ఎగువన లార్జి జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట నుంచి నీరు వదలడంతో క్షణాల్లో నది పెరిగింది. ఆ పిల్లలు నిలబడిన బండరాళ్లు అంతకు కొద్దిసేపటి ముందు వరకు పొడిగానే ఉన్నాయి. హిమాచల్ నదుల మీద ఎక్కడికక్కడ ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు ఉన్నాయి; వాన లేని రోజున కూడా నీరు పెరగవచ్చు. ఆ రాష్ట్రంలో ఎక్కడ చేరినా, ఫొటో కోసమైనా స్నానం కోసమైనా నదీగర్భంలోకి దిగనని మీ పిల్లల చేత మాట తీసుకోండి. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవవద్దు.

ఉద్యాన, వ్యవసాయ, అటవీ చదువులు

సోలన్ దగ్గర నౌణిలో ఉన్న డాక్టర్ యశ్వంత్ సింగ్ పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయం 1985లోనూ, పాలంపూర్‌లోని చౌదరి సర్వణ్ కుమార్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1978లోనూ ఏర్పడ్డాయి. ఈ రెండింటిలోనూ కొంత శాతం సీట్లు భారత వ్యవసాయ పరిశోధన మండలి కోటాలో దేశమంతటి విద్యార్థులకు ఉంటాయి. డిగ్రీకి ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) ద్వారా, పీజీకి ఆ మండలి పేరున జరిగే పరీక్ష ద్వారా చేరవచ్చు.

కొండల్లోనే చదవవలసిన చదువు ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే. ఆపిల్, పీచ్, చెర్రీ, అక్రోట్, కివీ వంటి శీతల మండల పంటలు మన ఉద్యాన విశ్వవిద్యాలయాలున్న వెంకటరామన్నగూడెంలోగాని ములుగులోగాని తోటలో చూపించి నేర్పడానికి ఉండవు. సామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ వంద ఏళ్ల కిందట కోట్‌గఢ్‌లో నాటించిన ఆపిల్ మొక్కలతో మొదలైన తోటల సాగు నేడు ఆ రాష్ట్ర ఆర్థిక వ్యవస్థకు ఆధారాల్లో ఒకటి. ఆపిల్ చెట్టు మంచి పూత పూయాలంటే శీతాకాలంలో కొన్ని వందల గంటలు చల్లదనం దొరకాలి. చలికాలం వేడెక్కుతున్న కొద్దీ కుల్లూ లోయ దిగువ భాగాల రైతులు ఆపిల్ తీసేసి దానిమ్మ వంటివి వేస్తున్నారు, ఆపిల్ కిన్నౌర్, లాహౌల్ వైపు ఎత్తుకు జరుగుతోంది. వాతావరణ మార్పును ఒకే బస్సు ప్రయాణంలో దిగువ నుంచి ఎగువకు చూడగల చోటు అది. మొక్కల ప్రజననం, పండ్ల శాస్త్రం, అటవీ శాస్త్రాల్లో పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి నౌణి ఎంతో మేలు చేస్తుంది.

అయితే డిగ్రీకే అంత దూరం వెళ్లమని నేను చెప్పను. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది, మన మామిడి, అరటి, బత్తాయి, మిరప, పసుపుల గురించి ముందు ఇక్కడే నేర్చుకోవాలి, నాలుగో సంవత్సరంలో గ్రామాల్లో గడిపే కాలంలో రైతుతో తెలుగులో మాట్లాడగలగడం పెద్ద సౌకర్యం. డిగ్రీ ఇక్కడ ముగించి, పీజీకి నౌణి లేదా పాలంపూర్ వెళ్లిన విద్యార్థికి ఉష్ణమండలం, శీతల మండలం రెండూ తెలిసి ఉంటాయి. అటవీ శాస్త్రం డిగ్రీ విషయంలో మాత్రం ఇంటర్ తర్వాతే వెళ్లాలనుకునేవారి కోరికను కాదనను. హిమాలయ అడవుల్లో నాలుగేళ్లు నడిచిన విద్యార్థికి కలిగే అవగాహన రెండేళ్ల పీజీలో రాదు.

మిగిలినవి

ఊనా ట్రిపుల్ ఐటీ 2014లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో మొదలైంది. ప్రాంగణం సలోహ్ గ్రామంలో ఉంది. కొండ రాష్ట్రం పేరు విని చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఊనా నాలుగు వందల మీటర్ల లోపు ఎత్తులో, పంజాబ్ మైదానాన్ని ఆనుకుని ఉంది, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దాని పెద్ద సౌకర్యం రైలు: ఢిల్లీ నుంచి ఊనాకు నేరుగా రైళ్లు ఉన్నాయి, 2022 అక్టోబరు నుంచి వందే భారత్ కూడా నడుస్తోంది. ఈ తరహా ట్రిపుల్ ఐటీలలో ఫీజు ఎన్‌ఐటీల కంటే ఎక్కువ, మినహాయింపులు ఐఐటీలలో ఉన్నట్టు ఉండవు. మనకు శ్రీసిటీ ట్రిపుల్ ఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం దగ్గరలో ఉండగా, అదే బ్రాంచి కోసం ఊనా వెళ్లడానికి నాకు బలమైన కారణం కనబడదు.

వైద్య విద్యలో బిలాస్‌పుర్ ఎయిమ్స్ సీట్లు దేశమంతటికీ తెరిచి ఉంటాయి. సిమ్లాలోని ఇందిరా గాంధీ వైద్య కళాశాల, టాండాలోని రాజేంద్ర ప్రసాద్ వైద్య కళాశాలల్లో 15 శాతం అఖిల భారత కోటా ఉంది. నీట్ ర్యాంకుతో ఎయిమ్స్ వస్తే వెళ్లవచ్చు. రోగులతో మాట్లాడడానికి హిందీ త్వరగా నేర్చుకోవాలి. పల్లె నుంచి వచ్చే వృద్ధులు తమ కొండ మాండలికంలోనే మాట్లాడతారు. సిమ్లా విశ్వవిద్యాలయం, ధర్మశాల కేంద్రీయ విశ్వవిద్యాలయం విషయంలో ప్రత్యేక ఆసక్తి ఉన్న పీజీ విద్యార్థులు తప్ప మనవాళ్లు వెళ్లవలసిన అవసరం తక్కువ. కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణాలు కాంగ్రా జిల్లాలో వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి మీ విభాగం ఎక్కడ నడుస్తోందో అడిగి చేరండి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు సోలన్ జిల్లాలో ఎక్కువ. మంచివీ ఉన్నాయి. కాని 2020లో అక్కడి ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం మీద పెద్ద ఎత్తున నకిలీ డిగ్రీలు అమ్మిందన్న కేసు నడిచిన సంగతి గుర్తుంచుకుని, యూజీసీ జాబితా, న్యాక్ గుర్తింపు, కోర్సుకు సంబంధించిన మండలి అనుమతి మూడూ స్వయంగా చూసుకోకుండా అడ్వాన్సు కట్టవద్దు. హైదరాబాద్, విజయవాడల్లో ఏజెంట్లు చూపే మంచుకొండల బ్రోచరును చూసి నిర్ణయించవద్దు. ఫార్మసీ వారికి మాత్రం ఒక మాట: సోలన్ జిల్లా బద్ది-బరోటీవాలా-నాలాగఢ్ ప్రాంతం దేశంలోని పెద్ద మందుల తయారీ కేంద్రాల్లో ఒకటి, అక్కడి కర్మాగారాల్లో శిక్షణ అవకాశాలు ఉంటాయి. అయితే హైదరాబాద్ కూడా మందుల తయారీకి రాజధాని వంటిదే కాబట్టి మనకు ఆ ఆకర్షణ సగం తగ్గిపోతుంది.

చేరే ముందు అడగవలసినవి

తిండి గురించి తల్లులు ఎక్కువ దిగులు పడతారు. మెస్‌లో రోటీ, రాజ్మా, కఢీ, పప్పు ప్రధానం, అన్నం ఉంటుంది. ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి సీసాలు విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా చుట్టి పంపండి, కొండదారి మలుపుల్లో నూనె కారి బట్టలు పాడవడం మామూలే. ప్రయాణంలో వాంతుల మాత్రలు కూడా పెట్టుకోవాలి. ఆస్తమా ఉన్న పిల్లల విషయంలో డాక్టర్‌ను ముందే సంప్రదించండి. ఆరోగ్య సమస్య ఏదున్నా హమీర్‌పుర్‌కు ఒక అదనపు అనుకూలత ఉంది, ఆ పట్టణంలోనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కమంద్ నుంచి పెద్ద ఆసుపత్రి అంటే మండికో, అక్కడి నుంచి ఇంకా ముందున్న నేర్‌చౌక్ వైద్య కళాశాలకో వెళ్లాలి.

అమ్మాయిలను అంత దూరం పంపడం గురించి సందేహించే తల్లిదండ్రులతో నేను ఎప్పుడూ ఒకే మాట అంటాను: హిమాచల్ చిన్న ఊళ్లలో అమ్మాయిలు స్వేచ్ఛగా తిరిగే వాతావరణం ఉంది, మన చాలా పట్టణాల కంటే అక్కడ సాయంత్రం బస్సు ప్రయాణం నిశ్చింతగా ఉంటుంది. దూరం అబ్బాయికి ఎంతో అమ్మాయికీ అంతే. ర్యాంకు సాధించిన అమ్మాయిని దూరం పేరుతో దగ్గరలోని ప్రైవేటు కళాశాలలో వేయడం అన్యాయం.

సీటు వచ్చాక అదే బ్రాంచిలో మూడో, నాలుగో సంవత్సరం చదువుతున్న తెలుగు విద్యార్థులను వెతకండి. మండి ఐఐటీలోనూ హమీర్‌పుర్ ఎన్‌ఐటీలోనూ మనవాళ్లు ఉంటారు. అత్యధిక జీతం ఎంత అని అడగవద్దు, అది ఒక్కరిదే. ఆ బ్రాంచిలో మధ్యస్థ జీతం (సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది) ఎంత, ఎందరికి ఉద్యోగం రాలేదు అని అడగండి; సంస్థ మొత్తానికి మధ్యస్థ జీతం కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల పట్టిక ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన వివరాల్లో ఉంటుంది, దానితో సరిపోల్చుకోవచ్చు. గత వానాకాలంలో రోడ్డు ఎన్ని రోజులు మూతపడింది, కరెంటు, ఇంటర్నెట్ ఎంతసేపు పోయాయి, రాత్రి జ్వరం వస్తే ఎవరు ఎక్కడికి తీసుకెళ్తారు, హాస్టల్‌లో శీతాకాలం వేడినీళ్లు ఏ వేళ వస్తాయి, మొదటి సెమిస్టర్‌లో హిందీ రాని వారికి ఎంత ఇబ్బంది అయింది అని కూడా అడగండి. చివరగా, అవకాశం ఉంటే మళ్లీ ఇదే సంస్థను ఎంచుకుంటారా అని అడిగి, వాళ్లు చెప్పే కారణాలను మీ పిల్లలే స్వయంగా వినేలా చూడండి.